పన్నెండో వారం దాకా

మార్చి 2, సోమవారం

మంచం, కిటికీ, బాత్రూం. ఇక నా తిరుగుడంతా ఈ మూడింటి మధ్యే. డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. "లేచారంటే బాత్రూంకే లేవాలి. మెట్లు దిగడాలు, ల్యాబుకి వెళ్లడాలు ఏవీ కుదరవు. మళ్లీ రక్తం కనబడితే ఆసుపత్రిలోనే పడుకోబెడతాను, మీ ఇష్టం."

ఎనిమిది వారాలు పూర్తయ్యాయట. స్కానులో బఠాణీ గింజంత మనిషి, అందులో టపటపా కొట్టుకునే చుక్క. నాకు ముప్పై ఎనిమిది. ఇదే ఆఖరు అవకాశమని ఎవరూ పైకి అనలేదు కానీ, అందరి మొహాల మీదా రాసుంది.

"మూర్ఛ మాత్రలు మాత్రం మానకండి," అంది వచ్చేముందు. "ఉన్నవాటిలో కాస్త నయమైనదే ఇచ్చాను. రోజుకి రెండు. మానేస్తే ఇద్దరికీ ప్రమాదం." బుద్ధిమంతురాలిలా తలూపాను.

మా ఆయన, పక్కింటాయన కలిసి నన్ను ప్లాస్టిక్ కుర్చీలో నాలుగో అంతస్తుకి మోసుకొచ్చారు. మా బిల్డింగు లిఫ్టు పాడై నెల రోజులు. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసొచ్చే మనిషి సొంత ఇంటి మెట్లు మాత్రం ఆయాసపడుతూ ఎక్కుతారు. అడిగితే "కంట్రోల్ బోర్డు రావాలి" అంటారు. ఆ బోర్డు ఏ దేశం నుంచి నడిచి వస్తోందో మరి.

మార్చి 4, బుధవారం

రాసుకుంటే తేలుతుంది. ల్యాబు పుస్తకంలో రాసుకున్నట్టే రాస్తాను.

ఆరేళ్ల క్రితం ఐదో నెలలో ఒకటి పోయింది. అప్పుడూ ఇవే మాత్రలు, వేళ తప్పకుండా. కారణం చెప్పలేమన్నారు. వాళ్లు చెప్పలేకపోతే నేనెందుకు చెప్పలేను? పద్నాలుగేళ్లుగా నేను కోసేది ఏమిటి?

పుట్టని ఎలుకపిల్లల మెదడు. గడ్డకట్టించి, పొరలుపొరలుగా కోసి, గాజు పలకల మీద అంటించి, రంగు వేస్తాను. మెదడులోని రక్తనాళాల గోడల్లో కొన్ని ప్రోటీన్లుంటాయి. మేం పంపులంటాం. మెదడులోకి దూరబోయే విషాన్నీ, మందునీ పట్టుకుని మళ్లీ రక్తంలోకే తోసేయడం వాటి పని. పంపు ఉన్నచోట గోధుమరంగు గీత పడుతుంది. లేనిచోట తెల్లగా ఉంటుంది. మరీ చిన్న పిండాల మెదడు ముక్కలు ఖాళీ గాజులాగే ఉంటాయి. కొన్ని రోజులు పోయాక చూస్తే గోధుమ చుక్కలు, ఇంకా పోయాక గీతలు.

అంటే పంపులు వచ్చేదాకా నేను మింగిన మాత్ర అడ్డూఅదుపూ లేకుండా దాని తలలోకి పోతుంది. కాపలా లేని ఇల్లు. అప్పుడూ అంతే జరిగుంటుంది. నాకు తెలుసు.

మా ల్యాబులో పెద్దాయన గది బయట గోడకి ఓ చార్టుంది. మనుషుల పిండాల మీద వేరేవాళ్లు చేసిన పనులన్నీ పోగేసి గీసింది. అందులో పంపుల గీత మొదలయ్యేది పన్నెండో వారం దగ్గర. పద్నాలుగేళ్లు దాని ముందు నుంచే టీకి వెళ్లాను.

పన్నెండు పూర్తయ్యేది మార్చి 30. ఇరవై ఆరు రోజులు. నాకు ఫిట్స్ వచ్చి తొమ్మిదేళ్లయింది. తొమ్మిదేళ్లు రానిది ఇరవై ఆరు రోజుల్లో వచ్చేస్తుందా?

మార్చి 5

పొద్దుటి మాత్ర వేసుకోలేదు. ఒక్క పూటే.

మార్చి 6

పారేయడానికి మనసొప్పలేదు. అత్తయ్య చెత్తబుట్ట కూడా తనిఖీ చేసే రకం. ల్యాబులో మూత విరిగిందని పారేస్తుంటే తెచ్చుకున్న పాత స్లైడ్ల పెట్టె బీరువాలో ఉంది. వంద గళ్లు, ప్రతి గడికీ నంబరు. గడికో మాత్ర నిలబెట్టాను. ఒకటి, రెండు. చూడ్డానికి ముచ్చటగా ఉంది కూడాను.

మార్చి 9, సోమవారం

అత్తయ్యకి తోచదు. నాకూ తోచదు. ఇద్దరం ఒకరినొకరు కాపలా కాస్తున్నాం.

ఆవిడ నూలు మిల్లు గేటు దగ్గర టైంకీపరుగా ముప్పై రెండేళ్లు చేసి రిటైరైంది. ఎవరొచ్చారు, ఎవరెళ్లారు, ఎన్నింటికి. ఇప్పటికీ ఆయన ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తే గడియారం వైపు చూసి గొంతు సవరించుకుంటుంది.

ఈ రోజు కాళ్లు పడుతూ అడిగింది. "అమ్మాయ్, పద్నాలుగేళ్లుగా ల్యాబు ల్యాబని పోతావు. అసలక్కడ నువ్వు కోసేదేంటే?"

చెప్పాను. పంపుల సంగతంతా చెప్పాను, మాత్రల సంగతి తప్ప.

"ఓస్, మా వాచ్‌మనే కదా!" అంది. "పాస్ లేనివాణ్ణి మెడపట్టి బయటికి నెట్టేవాడు. మరి గోడ కట్టాక వస్తాడా, ముందే వస్తాడా?"

"గోడ కడుతుండగానే మెల్లగా వస్తాయి అత్తయ్యా. చాలా ముందు ఉండవు."

"మా మిల్లులో గోడకి పునాది తియ్యకముందే వాచ్‌మన్ వచ్చేశాడు. ఇటుకలెత్తుకుపోతారని." నా రెండో కాలు ఒళ్లోకి తీసుకుంది. "అతను రాకముందు ఎవరు కాశారో మరి. ఎవరో ఒకరు కాసే ఉంటార్లే. ఇటుకలైతే పోలేదు."

ఎవరూ కాయరు అత్తయ్యా. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. మాత్ర బదులు అదే మింగాను.

మార్చి 12

ఈ రోజు నుంచి రెండు పూటలా బంద్. మార్చి 30 దాకా అంతే.

మార్చి 17, మంగళవారం

ఒంట్లో బాగుంది. తల తేలిగ్గా ఉంది. మాత్రల మత్తు లేకపోతే ఇంత హాయిగా ఉంటుందని మర్చేపోయాను.

ఒకటే విసుగు, అత్తయ్య టీ. నోట్లో పెట్టుకుంటే చల్లగా చచ్చిన టీ. మూడు రోజులుగా ఇదే వరస. పొయ్యి మీంచి దించి ఎక్కడో పెట్టి మర్చిపోయి, గుర్తొచ్చినప్పుడు నా చేతికిస్తోంది. పెద్దావిడ కదా అని ఊరుకుంటున్నాను. ఈ రోజు మాత్రం ఊరుకోలేదు. "అత్తయ్యా, టీ అంటే వేడిగా ఉండాలండీ," అన్నాను. నా మొహంలోకి అదోలా చూసింది. గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. నొచ్చుకున్నట్టుంది.

మార్చి 20

చెకప్. మళ్లీ కుర్చీ, మళ్లీ నాలుగంతస్తులు. పక్కింటాయన నడుం పట్టుకుని "మీ ఆయన లిఫ్టు బాగుచేసేలోగా నేను మంచమెక్కుతానమ్మా" అన్నాడు. నవ్వాను. సిగ్గుతో చచ్చాను కూడా.

"మాత్రలు వేసుకుంటున్నారా?" అంది డాక్టరమ్మ. "వేసుకుంటున్నానండీ," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. పక్కన ఆయన కూడా తలూపారు. ఆయన పాపం నిజమనుకునే ఊపారు.

చుక్క టపటపా కొట్టుకుంటోంది. ఇప్పుడు దానికి చేతులు కూడా ఉన్నాయి.

మార్చి 23, సోమవారం

కిటికీలోంచి కనబడేది ఎదురు మేడ వెనక గోడ, ఒక పైపు, నాలుగు బాల్కనీలు. మూడో బాల్కనీ ఆవిడ ఎర్ర దుప్పటి ఆరేస్తోంది. దులిపినప్పుడు నీళ్లు కింది బాల్కనీలో పడితే కింది ఆవిడ తలెత్తి అరుస్తుంది. రోజూ జరిగే నాటకమే. నాకిదే సినిమా. మూడో బాల్కనీ ఆవిడ ఎర్ర దుప్పటి ఆరేస్తోంది. దులిపినప్పుడు నీళ్లు కింది బాల్కనీలో పడితే కింది ఆవిడ తలెత్తి అరుస్తుంది.

ఇంకో వారం.

మార్చి 25

వంటింటి గుమ్మం పక్క కేలండరు మీద అత్తయ్య పెన్సిలుతో సన్నటి గీతలు పెడుతోంది. కొన్ని తేదీల దగ్గర ఒకటి, కొన్నింటి దగ్గర రెండు. నిన్నటి దగ్గర మూడు. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడల్లా రాసుకుంటోందనుకుంటా. పాత అలవాటు, ఏం చేస్తాం.

పగలంతా బాగా నిద్రపట్టేస్తోంది. కూర్చునే నిద్రపోతున్నాను. కడుపుతో ఉన్నప్పుడు మామూలే.

మార్చి 29, ఆదివారం

రేపే.

మార్చి 30, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే అరచేతిలో మాత్ర, పక్కన గ్లాసుడు నీళ్లు పెట్టుకుని కూర్చున్నాను. మింగేస్తే అయిపోయేది. మింగేముందు ఎందుకో ల్యాబుకి ఫోన్ చేయాలనిపించింది. నా బల్ల దగ్గర ఇప్పుడు మేమంతా కళ్లజోడు అని పిలిచే అమ్మాయి కూర్చుంటోంది. దాని అసలు పేరు ల్యాబులో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను అక్కా అంటుంది.

ఆ కబురూ ఈ కబురూ అయ్యాక అడిగాను. "అవునే, మన చార్టులో పన్నెండో వారం అంటే మామూలు పన్నెండే కదా?"

"మామూలంటే?"

"అదే, డాక్టర్లు చెప్పే పన్నెండు."

"కాదక్కా. అది పిండం వయసు కదా. కడుపు నిలిచిన రోజు నుంచి లెక్క. డాక్టర్లేమో ఆఖరి నెలసరి నుంచి లెక్కేస్తారు. రెండు వారాలు ఎక్కువొస్తుంది." పకపకా నవ్వింది. "అదేంటక్కా, పోయినేడు కొత్తవాళ్లని నిలబెట్టి ఈ తేడా మీద గంటసేపు క్లాసు పీకింది మీరేగా!"

నేనే. ఎలుకల లెక్కలో పక్క ల్యాబువాళ్లు మొదటి రోజుని సున్నా అంటారు, మేం ఒకటి అంటాం. ఆ ఒక్కరోజు తేడా పలక మీద రాయనందుకు ఒకావిణ్ణి ఏడిపించాను కూడా. అలాంటిదాన్ని నా సొంత కడుపు దగ్గరికొచ్చేసరికి రెండు వారాలు మింగేశాను. ఛీ, నా తెలివి తగలెయ్య!

"ఎందుకడిగారక్కా?"

"ఊరికే. పడుకుని పడుకుని ఏం తోచక."

చార్టులో పన్నెండంటే డాక్టరమ్మ లెక్కలో పద్నాలుగు. ఏప్రిల్ 13.

మాత్ర అరచేతిలో చెమటకి కొంచెం కరిగింది. నలభై నాలుగో గడిలో పెట్టాను.

ఏప్రిల్ 2

పద్నాలుగు రోజులే కదా. అందులో మూడైపోయాయి.

ఏప్రిల్ 3

చల్లటి టీ.

ఏప్రిల్ 6, సోమవారం

నిజం రాయాలంటే, ఉక్కిరిబిక్కిరిగా ఉంది. గది పైకప్పులో ఒక పగులు ఉంది, దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మాత్ర వేసుకుంటే బిడ్డకేమవుతుందోనని భయం. వేసుకోకపోతే నాకేమవుతుందోనని, అబ్బే, నాకేం కాదు. తొమ్మిదేళ్లయింది.

ఆయన ఈ రోజు మధ్యాహ్నమే వచ్చి పక్కన కూర్చున్నారు. గ్రీజు వాసన. "ఏంటోయ్, నేనేదో చెప్తుంటే మధ్యలో అలా ఉండిపోయావు?" అన్నారు.

"ఏం చెప్తున్నారు?"

"ఇద్దరు లిఫ్టులో ఇరుక్కుపోయిన సంగతి. గంటసేపు ఉన్నారు లోపల. నేను వెళ్లి పైన షాఫ్టులోంచి అరుస్తున్నా, తలుపు చేత్తో లాగొద్దండీ, మధ్యలో ఆగింది, దిగబోతే సందులో పడిపోతారు అని. వింటేగా! ఒకాయన తలుపు లాగేసి కాలు బయటపెట్టేశాడు."

"అయ్యో. పడ్డాడా?"

"పట్టుకున్నాలే." నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. "లోపలుంటే ఏమీ కాదు. ఊపిరాడదేమోనని భయపడి దూకుతారు, అప్పుడవుతుంది."

ఈ కథంతా నాకెందుకు చెప్పారో. తెలిసి చెప్పారా? తెలిసే అవకాశమే లేదు. పెట్టె బీరువాలో చీరల అడుగున ఉంది.

చెప్పేయాలనిపించింది. ఒక్క క్షణం నిజంగా అనిపించింది. చెబితే ఇంకేముంది, వెంటనే నోట్లో కుక్కి మింగిస్తారు.

ఏప్రిల్ 9

మోచెయ్యి కమిలింది. ఎక్కడ తగిలిందో గుర్తులేదు. మంచం కోడు అయ్యుంటుంది.

ఏప్రిల్ 13, సోమవారం

మళ్లీ గ్లాసుడు నీళ్లు, మళ్లీ మాత్ర. ఈసారి మోసపోకూడదని నిన్నే కళ్లజోడుని అడిగి చార్టు ఫొటో తెప్పించుకున్నాను. పెద్దది చేసి చూశాను. పద్నాలుగేళ్లలో ఒక్కసారైనా దగ్గరగా చూసిన పాపాన పోలేదు. పన్నెండు దగ్గర గీత కింద పెద్దాయన చిన్న అక్షరాలతో రాసుకున్నారు: అక్కడక్కడా, చెదురుగా. పద్దెనిమిది దగ్గర: నాళం పొడవునా గీతలా.

ఫోన్ చేశాను.

"చెదురుగా అంటే ఎంతే? సగమా, పావా?"

"ఎలా చెప్తామక్కా? ఒక నాళంలో ఉంటాయి, పక్కదాంట్లో ఉండవు."

"అది కాదు, ఫలానా రోజు నుంచి పనిచేస్తాయని ఒక తేదీ ఉంటుంది కదా. ఆ తేదీ చెప్పు."

"ఆ తేదీ అని ఒకటి ఉండదక్కా. మీరు కోసిన పలకలేగా ఇవన్నీ, మీకు తెలీదా? కొంచెం కొంచెంగా వస్తాయి. పైగా ఏ మందుని పట్టుకుంటాయో, దేన్ని వదిలేస్తాయో అది వేరే కథ." నవ్వలేదు ఈసారి. "అక్కా, మీరు మాత్రలు వేసుకుంటున్నారు కదా?"

సిగ్నల్ పోయింది.

ఏప్రిల్ 14

కళ్లజోడు నాలుగుసార్లు చేసింది. నిద్రలో ఉండి ఎత్తలేదు.

పద్దెనిమిది. నాళం పొడవునా గీతలా. అప్పటిదాకా ఆగితే మంచిది కదా? సగం కట్టిన గోడ దగ్గరికి ఎవరైనా దొంగని పంపిస్తారా? ఇన్నాళ్లు ఆగినదాన్ని.

ఏప్రిల్ 15, బుధవారం

పొద్దున్న పది. కొత్త లెక్క. పద్దెనిమిదికి రెండు కలిపితే ఇరవై. ఇరవై పూర్తయ్యేది మే 25. ఇంకా నలభై రోజులు. పెట్టెలో డెబ్భై ఆరు నిండాయి. మిగిలిన గళ్లు ఇరవై నాలుగు, సరిపోవు. ఇంకో పెట్టె కావాలి. కళ్లజోడుని అడిగితే ఎందుకని

నోట్లో ఇనుము రుచి. ఎర్ర దుప్పటి ఆరేస్తోంది. ఎర్ర దుప్పటి ఆరే

ఏప్రిల్ 19, ఆదివారం

నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. ముందు పైన నేను రాసినవన్నీ చదివాను. మొదటి నుంచీ. ఎర్ర దుప్పటి రెండుసార్లు ఆరేసిన పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నా చేతిరాతే. రాసినప్పుడు నాకు తెలీదు.

నాకు గుర్తున్నది ఇనుము రుచి వరకే. మిగతాది వాళ్లు చెప్పినది. మంచం మీంచి పక్కకి పడ్డానట. బోర్లా పడలేదు. అత్తయ్య నన్ను ఒత్తిగిలబెట్టి, తల కింద తన చెయ్యి పెట్టి, గడియారం చూస్తూ కూర్చుందట. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ చెయ్యి తియ్యలేదు. ఆవిడ మణికట్టు వాచిపోయి ఉంది. నాలుగంతస్తుల కిందికి అదే కుర్చీలో. నడుం నొప్పి పక్కింటాయనే మళ్లీ.

చుక్క కొట్టుకుంటోంది. ఆ మాట ముందే రాయాల్సింది. కొట్టుకుంటోంది. స్కాను బల్ల మీద అది విన్నాక ఏడవడం మొదలుపెడితే ఆగలేదు. నాలుక కొరుక్కుపోయి ఉంది, ఏడవడానికి కూడా నొప్పి.

డాక్టరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. రక్త పరీక్ష కాగితం నా ముందు పెట్టింది. "మాత్ర జాడే లేదు," అంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుంది. "చూడమ్మా, మాత్ర వల్ల బిడ్డకి ఏమీ కాదని నేను సంతకం పెట్టివ్వలేను. మీరు పడిపోతే, ఊపిరి ఆగితే బిడ్డకి ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు. ఇంకెప్పుడైనా భయమేస్తే నాతో పోట్లాడండి. నాకు చెప్పకుండా మీరే డాక్టరైపోకండి."

ఆయన ఏమన్నారని రాయాలి? వార్డు బయట బెంచీ మీద పనిముట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట ఆ రోజంతా. ఇంటికొచ్చాక ఒక్కటే అన్నారు. "పక్కనే ఉన్నాను కదే. నాకొక్క మాట చెప్పలేకపోయావా?" బిడ్డకోసమే అని అనబోయాను, నాకే వినబుద్ధి కాలేదు.

పెట్టె తీసి ఆయన చేతిలో పెట్టాను. ఒక్కొక్క గడీ చూశారు. మూత మళ్లీ పెట్టబోతే చెయ్యి కుదరలేదు, మూత విరిగినదే కదా.

ఏప్రిల్ 20

అత్తయ్య కేలండరు మేకు మీంచి తీసి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇవి ట్యాంకరు గీతలు కాదా?" అన్నాను.

"ట్యాంకరుకి గీతలెందుకే, దాని హారన్ వీధంతా వినబడుతుంది." కళ్లద్దాలు సర్దుకుంది. "ముప్పై రెండేళ్లు గేటు దగ్గర కూర్చున్నాను. ఎవరెప్పుడు బయటికెళ్లారు, ఎప్పుడు తిరిగొచ్చారు. నువ్వు బయటికెళ్లినప్పుడల్లా ఒక గీత పెట్టాను."

"నేనెక్కడికెళ్లాను అత్తయ్యా, మంచం దిగితేగా!"

"మంచం మీదే కూర్చుని వెళ్లిపోయేదానివి. కళ్లు తెరిచే ఉండేవి. పిలిస్తే పలికేదానివి కాదు. నిమిషానికో రెండు నిమిషాలకో వచ్చేదానివి. ఆ తర్వాత కూడా చాలాసేపు ఉలుకూ పలుకూ ఉండేది కాదు."

లెక్కపెట్టాను. ఇరవై మూడు గీతలు.

"ఎవరికీ చెప్పలేదేం?"

"మాత్రలు వేసుకుంటూ ఉండగానే వస్తున్నాయనుకున్నాను. కడుపుతో ఉన్నప్పుడు ఇంతేనేమోననుకున్నాను. నీకు చెబితే బెంగపెట్టుకుంటావు, వాడికి చెబితే పనిలో చెయ్యి జారుతుంది. ఈసారి డాక్టరమ్మ దగ్గరికెళ్లినప్పుడు కేలండరు చూపిద్దామని రాసి పెట్టాను." నా ఒళ్లోని కేలండరు అంచు వేలితో సరిచేసింది. "ముందే చూపించాల్సింది. నాదీ తప్పే."

ఆవిడ తప్పు! నేను చేసిన నిర్వాకానికి ఆవిడది తప్పట. చెయ్యి పట్టుకున్నాను, వాచిన చెయ్యే. అప్పుడు గుర్తొచ్చింది.

"మరి టీ?"

"వేడిగానే ఇచ్చేదాన్నే. గ్లాసు చేతిలో పెట్టుకుని వెళ్లిపోయేదానివి. నువ్వొచ్చేసరికి చల్లారిపోయేది. పైగా నన్నే అరిచేదానివి." కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఒలికిపోతుందని సగం గ్లాసే పోసేదాన్ని. అదైనా చూశావా?"

చూడలేదు.

ఏప్రిల్ 22, బుధవారం

కళ్లజోడు వచ్చింది. మెట్లెక్కి వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడలేకపోయింది. మాట రాగానే తిట్టింది. అక్కా అంటూనే ఎన్ని తిట్టిందో. తిట్టాక సంచీలోంచి కాగితంలో చుట్టిన గాజు పలక తీసింది.

"ఇది చూడండి. కిటికీ వెలుతురులో పెట్టి చూడండి."

పలక మీద గోధుమరంగు. చుక్కలూ గీతలూ కాదు, ముక్కంతా గోధుమరంగే.

"ఎన్నో రోజుది?" అన్నాను. అంచున రాసింది చదివాను. మెదడు ముక్కలు ఇంకా ఖాళీ గాజులా ఉండే రోజు. "తప్పు రాశావు. ఈ రోజుకి మెదడులో ఏమీ ఉండదు."

"మెదడు కాదక్కా. మాయ."

తల్లికీ పిల్లకీ మధ్య ఉండే మాయ. పిండాన్ని తీసేటప్పుడు ముందు దాన్ని కోసి బకెట్లో పడేస్తాం. మెదడు కోసమే కదా మా తాపత్రయం. పద్నాలుగేళ్లలో నా చేతులతో ఎన్ని వందలు పడేశానో.

"మీరు ఫోన్ పెట్టేసిన రోజు నుంచీ మనసు మనసులో లేదు," అంది. "మర్నాడు బకెట్లోంచి ఒకటి తీసి రంగు వేశాను. అదే పంపు. పిల్ల మెదడులో ఇంకా లేనప్పుడు మాయలో ఉంది, అంతకుముందు నుంచీ ఉంది. మనమేం కొత్తగా కనిపెట్టలేదక్కా, వేరేవాళ్లు ఎప్పుడో రాశారు. మనమే అటువైపు చూడలేదు."

"అంటే నా మాత్రని ఇది ఆపుతుందా?"

"ఏమో. కొంత ఆపొచ్చు, ఆపకపోవచ్చు. ఇది ఎలుకది. మీ మాత్ర సంగతి నాకు తెలీదు, అబద్ధం చెప్పను." కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "కాకపోతే కాపలా లేని ఇల్లయితే కాదు. అంతే చెప్పగలను."

కాపలా లేని ఇల్లని కళ్లజోడుతో నేనెప్పుడూ అనలేదు. ఈ పుస్తకంలోనే రాసుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు కాబోలు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న అత్తయ్య ఊరుకుంటుందా? "చెప్పానా, ఎవరో ఒకరు కాసే ఉంటారని!" అంటూ లోపలికొచ్చింది. ఒక చేతిలో నీళ్లు, ఇంకో చేతిలో సాయంత్రం మాత్ర. కళ్లజోడు చూస్తోంది, అత్తయ్య చూస్తోంది. మింగాను. నోరు తెరిచి చూపించమంది అత్తయ్య. చూపించాను. మిల్లు గేటు దగ్గర సంచీ తెరిచి చూపించినట్టు.

ఏప్రిల్ 27

భయం పోలేదు. మాత్ర మింగిన ప్రతిసారీ లోపల ఎవరినో క్షమించమని అడుగుతున్నాను. డాక్టరమ్మకి ఫోన్ చేసి పోట్లాడాను, ఆవిడే పోట్లాడమంది కదా. పదిహేను నిమిషాలు పోట్లాడనిచ్చింది. చివర్లో "రేపు కూడా చెయ్యండి," అంది.

పైకప్పు పగులు అక్కడే ఉంది. గది ఇదే, మంచం ఇదే, లిఫ్టు బోర్డు ఇంకా నడిచి వస్తూనే ఉంది. ఇంకో ఇరవై నాలుగు వారాలు. డాక్టరమ్మ లెక్కలోనే.

మే 4, సోమవారం

కేలండరు మీద గీత పడక పదకొండు రోజులు. అత్తయ్య ఈ రోజు గ్లాసు నిండా పోసింది.

టీ వేడిగా ఉంది. నాలుక కాలింది.